తెలుపు కాలిపోకుండా

మూఢమొచ్చింది.
అల్లూరులో నా స్టూడియో షట్టరు సగమే ఎత్తుతున్నాను.
రెండు పాస్‌పోర్టు ఫొటోలు, ఒక పెద్దదినం ఫ్లెక్సీ,
వారం సంపాదనంతా అదే.
కావలి స్నేహితుడి దగ్గర పొడుగు లెన్సు అద్దెకు తెచ్చి
చీకటుండగానే ఇసకపల్లి ఉప్పుమళ్లకి బండి తోలాను.

మొదటి రోజు పొద్దుకి ఎదురుగా కూర్చున్నాను,
సముద్రం బాగుందని.
రెండు వందల నలభై ఫొటోలు,
అన్నింట్లోనూ
పిట్ట ఆకారంలో కత్తిరించిన నల్లకాగితం.

"ఎదురెండకి కూచుంటే ఏం కనపడతాదబ్బయా?
మేమే ఆ పక్క తిరిగి దంతె లాగం.
ఈ గట్టుకు రా."
మస్తానమ్మ పేరు తర్వాత తెలిసింది.
మడమల పగుళ్లలో ఉప్పు మెరవడం ముందు చూశాను.

గట్టు మారాను. పొద్దు వీపు మీదికొచ్చింది.
నా నీడ మాత్రం నాకంటే ముందు నడిచి
పిట్టల్ని లేపేసింది.
"కూచో. కూచుంటే మడిసివి, నిలబడితే గద్దవి."
గోతంలో ఉప్పు నింపి గట్టు మీద పడేసిందామె.
దాని మీద లెన్సు పెట్టాను,
చంటిబిడ్డ తల దిండు మీద పెట్టినట్టు.
వణుకు తగ్గింది. నా ఊపిరి ఒక్కటే మిగిలింది.
దాన్నీ బిగబట్టాను.

ఆమె పుల్లకాళ్లోడు అంటుంది దాన్ని.
నల్ల రెక్కలు, తెల్ల పొట్ట,
గులాబి కాళ్లు, ఎర్రకన్ను.
రిసెప్షన్ స్టేజీ మీద
నల్లసూటు వరుణ్ణీ తెల్లగౌను వధువునీ
ఒకే ఒంట్లో కుట్టినట్టుంటుంది.
నలుపులో ఈకలు కనపడాలని వెలుగు పెంచితే
తెలుపు కాలిపోతుంది.
కాలిన తెలుపుని ఏ కంప్యూటరూ వెనక్కి తేలేదు.
నలుపుని బతిమాలుకోవచ్చు,
కొంచెం కొంచెంగా నోరు విప్పుతుంది.
అందుకని చక్రం ఒక్క మెట్టు కిందికి తిప్పాను.
తెల్లపొట్ట మీద ఈక ఈకా లేచి నిలబడింది.

పెళ్లిళ్లలో ధర్మాకోల్ అట్ట పట్టుకోడానికి
ఒక కుర్రాడికి రోజుకి నాలుగొందలిస్తాను.
ఇక్కడ ఎకరాలకెకరాలు ఉప్పు
పిట్ట రెక్క కింద వెలుగు పట్టుకుని నిలబడి ఉంది,
బేటా అడక్కుండా.

కన్ను మీద ఫోకస్. కన్ను మీదే.
ముక్కు స్పష్టంగా వచ్చి కన్ను చెదిరితే
అది పిట్ట ఫొటో కాదు, ముక్కు ఫొటో.
సెకనుని రెండువేల ముక్కలు చేసి
అందులో ఒక్కటి తీసుకున్నాను.
కాలి నుంచి జారిన నీటిబొట్టు
ఇంకా మడిని తాకలేదు.

తొమ్మిదయింది.
మళ్ల మీద గాలి పెనం మీది ఆవిరిలా ఊగడం మొదలెట్టింది.
లక్షల లెన్సయినా
వణికే గాలికి కుట్టు వెయ్యలేదు.
సర్దుకున్నాను.

"ఏదీ, చూపియ్."
వెనక తెర మీద నీడ పడేలా కొంగు అడ్డం పెట్టింది.
ఒక కన్ను మూసి చూసింది, పాత ఫొటోగ్రాఫరు చూసినట్టు.
"ఓరి, కంట్లో పొద్దు గూడా పడిందే!"
రెండో కన్ను మూసింది. చాలాసేపు చూసింది.
"ఈ కంటికి నీ పిట్ట కనపడతా ఉండాది.
ఆ కంటికి ఉత్త ఉప్పే.
నెల్లూరులో ఒక కంటికి శుక్లం తీశారు,
రెండోదానికి మళ్లీ రమ్మన్నారు.
మడి వదిలిపెట్టి యాడ పోను?"

శుక్లమంటే తెలుపేగా.
ముప్పై రెండేళ్ల తెలుపు, నేరుగా, నెత్తిన కొంగు తప్ప
అడ్డం ఏమీ లేకుండా.
ఆ కంటికి ఒక్క మెట్టు కిందికి తిప్పే చక్రం
ఎక్కడుంటుందో నాకు తెలీదు.
కనీసం నా నల్లకళ్లజోడు తీసిచ్చాను.
పెట్టుకుని, నవ్వి, తిరిగిచ్చేసింది.
"ఉప్పు గట్టి పడిందో లేదో రంగు చూసి చెప్పాల నేను.
దీంతో అన్నీ సాయంత్రమే."

"నిన్నొకటి తియ్యనా?"
"తియ్యబాక. ఆ డబ్బా తుడుచుకో ముందు,
ఉప్పు ఇనుముని తింటది."

మూడుసార్లు తుడిచాను.
ఆమె దంతె ఎత్తుకుని మడిలోకి దిగింది.
పుల్లకాళ్లోళ్లు రెండడుగులు పక్కకి జరిగాయి,
దారి ఇచ్చినట్టు.
ఒక్కటీ ఎగరలేదు.